న్ ఒక్కటే ఎట్ల పలుకుతం

సుమన జొన్నరొట్టె కొడుతుంటే భానుప్రకాశ్ ల్యాప్‌టాప్ పట్టుకొని వంటింటి గడపలో నిలబడ్డాడు. "ఫోన్ అని రాస్తుంటే వరుస అయిపోయిందనుకో. ఫో పై వరుసలోనే ఉంచి, న్ ఒక్కదాన్నే కింది వరుసకు దించొచ్చా?"

"దించొద్దు," అన్నది సుమన, పిండి మీదనుంచి చూపు తిప్పకుండానే. అతను అక్కడే గోడకు ఆనుకొని టైపు చేసి పంపించాడు.

భానుప్రకాశ్ గద్వాలలో ఇంటినుంచే హైదరాబాదు కంపెనీకి పనిచేస్తాడు. వెబ్‌సైట్లలో ఏ భాష ఎట్ల కనిపించాలో నియమాలు రాసే ఒక బృందంలో తెలుగు తరఫున ఉన్నాడు. దేశదేశాలవాళ్లు ఇంగ్లీషులో వాదించుకునే ఆ చర్చలో తెలుగు ప్రస్తావన వచ్చినప్పుడల్లా వంటింటికి వస్తాడు. భార్య సుమన తెలుగు ఎమ్మే చదివింది, బడిలో ఆరో తరగతికి పాఠం చెప్తుంది. ఆమె చెప్పిన మాట అతని పేరుతో పోతుంది. అతనికి భాష మీద ఎంత పట్టుందో అని ఎవరన్నా మెచ్చుకుంటే, సంబరపడి ఆమెకే చదివి వినిపిస్తాడు. ఒకసారి ఆమె నవ్వలేదు. "ఇంటోళ్ల మధ్య నీది నాది ఏంది?" అన్నాడు. అత్త ఈదమ్మకైతే ఒకటే పరేషాన్, కొడుకు మీటింగులో ఉంటే కోడలు గిన్నెలు సప్పుడు చేస్తుందని.

ఈసారి మాత్రం ఆ ‘దించొద్దు’ దగ్గర చర్చ ఆగిపోయింది. ఏ పుస్తకంలో ఉందో చూపించమన్నాడు ఒకాయన. పుస్తకంలో లేకుంటే నియమం లేనట్టేనట, వారంలో చర్చ ముగిస్తారట. సుమన తన వ్యాకరణాలన్నీ తిరగేసింది. సంధులున్నాయి, సమాసాలున్నాయి, వరుస చివర మాటను ఎక్కడ తెంపాలో ఎవరూ రాయలేదు.

అప్పుడు రాయచూరు నుంచి శరణమ్మ రాసింది. కన్నడం తరఫున మాట్లాడే మనిషి. రాయనిదంతా లేనిది కాదని, కొన్ని నియమాలు రాసే చేతుల్లో ఉంటాయని చెప్పి, భానుప్రకాశ్‌నే అడిగింది: మీరు చేత్తో రాసేటప్పుడు ఏం చేస్తారు, అది ఎవరి దగ్గర నేర్చుకున్నారు?

భానుప్రకాశ్ చేత్తో తెలుగు రాసి ఎన్నేండ్లయిందో అతనికే తెల్వదు.

ఆ రోజు బడిలో అన్నం తినే వేళ సుమన ఫోనులో, అందరికీ కనిపించే ఆ చర్చ తెరిచి, శరణమ్మ పాత మాటలన్నీ చదువుకున్నది. ఎంత నెమ్మది, ఎంత గట్టి మనిషి! ఎవరు ఎకసెక్కంగా మాట్లాడినా గొంతు పెంచదు. తన మాట తప్పని తేలిన చోట, తప్పేనని ఒక్క వాక్యంలో ఒప్పుకుంటుంది. ఒకచోట, ఈ సంగతి చెప్పింది మా అత్తగారు అని ఆమె పేరు కూడా రాసింది. సుమన అక్కడ ఆగిపోయింది. పేరు రాయడానికి ఎంతసేపు పడుతుంది? ఒక్క వాక్యం. తన ఇంట్లో ఆ ఒక్క వాక్యానికి ఎన్నడూ చోటు దొరకలేదు. తానూ అడగలేదు. అడిగితే చిన్నతనమనుకుంటారని, ప్రతిసారీ పిండి చేతులు కడుక్కొని ఊరుకున్నది.

మధ్యాహ్నం క్లాసులో పిల్లలను బోర్డు మీద వరుస చివరన ‘ఫోన్’ రాయమన్నది. కొందరు న్‌ను ఇరికించారు, కొందరు మొత్తం తుడిచి కింద రాశారు. న్ ఒక్కదాన్నే ఎవరూ దించలేదు. ఎవరు చెప్పిండ్రని అడిగితే వసంత అనే పిల్ల వింతగా చూసింది. "న్ ఒక్కటే ఎట్ల పలుకుతం టీచర్? దానికి ముందల అక్షరం తోడుండాలె గద."

పిల్లల రాతల ఫోటోలు తీసుకొని ఇంటికొచ్చింది.

"మంచిగైంది. చెప్పు, నేను రాస్త," అన్నాడు భానుప్రకాశ్.

"నేనే రాస్త."

"నీ ఇంగ్లీషు..."

"వాళ్లు అడుగుతున్నది తెలుగు."

సొంత పేరుతో ఖాతా తెరిచింది. తనకొచ్చిన ఇంగ్లీషులోనే రాసి ఫోటోలు పెట్టింది, వసంత మాటను వసంత పేరుతో రాసింది. పుస్తకం అడిగినాయన, ఇది చాలు అన్నాడు. నియమం చేరింది.

మరునాడు శరణమ్మ అందరి ముందూ ఒక ప్రశ్న పెట్టింది: సుమన గారూ, మీరు విప్పి చెప్పే తీరు ఇంతకుముందు చదివినట్టే ఉంది, ఇన్నాళ్లు భానుప్రకాశ్ గారి పేరుతో మేం చదివిన తెలుగు సంగతులు మీవేనా?

వెనక నిలబడి చదువుతున్న భర్త, "జర ఆగు సుమనా, ఆలోచించి రాద్దాం," అన్నాడు.

ఆమె ‘అవును’ అని రాసి పంపింది.