చెవి వెనకాల

యూనిట్‌లో అందరూ ఆమెను భూతద్దం అంటారు. వాళ్ళు తీస్తున్న సినిమా డెబ్బై ఏళ్ళ కిందటి కథ. ఆ కాలానికి చెందనిదేదీ తెర మీదికి రాకుండా చూడటం ఆమె పని. జిప్పులు పీకించి బొత్తాలు కుట్టిస్తుంది. ప్లాస్టిక్ బకెట్ కనబడితే పామును చూసినట్టు కేక పెడుతుంది. జూనియర్ ఆర్టిస్టులను వరసలో నిలబెట్టి, గోళ్ళరంగు దగ్గర్నుంచి చెప్పుల అడుగుల దాకా చూసిగానీ వదలదు. కిందటి సినిమాలో ఏమైందంటే, పాతకాలపు కోర్టు గదిలో గోడకు ఏసీ ఒక్క క్షణం కనబడింది. జనం దాన్ని పట్టుకుని నెలల తరబడి నవ్వుకున్నారు. "ఇంకోసారి ఇలా జరిగితే నీ మొహం నాకు చూపించకు" అన్నాడు దర్శకుడు. అప్పట్నుంచీ ఆమెకు కంటి నిండా నిద్ర లేదు.

ఆ పొద్దున ఎడిటింగ్ గదిలో ట్రైలర్ చూస్తున్నారు. సాయంత్రమే విడుదల. రేవు వీధిలో టీ కొట్టు, కొట్టులో రేడియో, ఓడ మునిగిపోయిందని వార్త. కెమెరా జనంలోంచి మెల్లగా ఒక ముసలామె దగ్గరికి వెళ్తుంది. ఆమె రేడియో వైపు తల తిప్పి, వింటూ వింటూ కన్నీళ్ళు పెట్టుకుంటుంది. ఆమె కొడుకు ఆ ఓడలో ఉన్నాడన్నమాట.

ఆ ముసలామె భూతద్దానికి కన్నతల్లి. షూటింగ్ రోజున మనుషులు తక్కువైతే, సరదాగా రమ్మంటే వచ్చింది.

తల తిప్పిన చోట భూతద్దం కుర్చీలోంచి ముందుకు వంగింది. అమ్మ చెవి వెనక గోధుమరంగు వంపు. చెవి మిషను!

చుట్టూ చూసింది. ఎవరూ కనిపెట్టలేదు. ఎడిటర్ టీ తాగుతున్నాడు. దర్శకుడు తెర వంక మురిపెంగా చూస్తున్నాడు. ఆమె వరండాలోకొచ్చి అమ్మకు ఫోన్ చేసింది.

"అమ్మా, ఆ రోజు మిషను తీసెయ్యమన్నాను కదా?"

"తీశానే. నువ్వటు వెళ్ళాక మళ్ళీ పెట్టుకున్నా."

"ఎందుకు?"

"ఎందుకేమిటే! మీ సారేమో ఏడవాలమ్మా అన్నాడు. రేడియోవాడు ఏం చెప్తున్నాడో వినపడకపోతే ఏడుపెలా వస్తుంది?" అంది అమ్మ. "ఏం, బాగా రాలేదా? సాయంత్రం చూడమని వీధి వీధంతా చెప్పేశానే తల్లీ."

భూతద్దం ఫోన్ పెట్టేసింది. షాట్‌కు ముందు ఆ రోజు అందర్నీ మళ్ళీ ఒకసారి చూసింది, ఇంటిమనిషే కదా అని అమ్మను మాత్రం వదిలేసింది. దీపం కిందే చీకటి. చెప్తే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే రేపు జనం నవ్వేది అమ్మ మొహం చూసి. మింగలేక కక్కలేక, చివరికి లోపలికెళ్ళి చెప్పేసింది.

దర్శకుడు ఆ ముక్క మళ్ళీ మళ్ళీ వేయించుకున్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది ఆమెకు.

"కంప్యూటర్‌లో చెరిపేస్తే పోలా?" అన్నాడు ఎడిటర్.

"కంప్యూటర్ మాయలు లేకుండా తీశామని ఊరంతా చెప్పుకున్నాను. ఇప్పుడు అబద్ధమాడనా?"

"పోనీ తీసేద్దాం."

"తీసేస్తే ఏం మిగుల్తుంది? చూపించడానికి మన దగ్గర ఓడ కూడా లేదు!" దర్శకుడు లేచాడు. "సెట్ ఇంకా విప్పలేదు. అమ్మగారిని తీసుకురా."

మధ్యాహ్నానికల్లా అమ్మ టీ కొట్టు ముందు కూర్చుంది. మిషను కూతురి గుప్పిట్లో ఉంది. దర్శకుడు "యాక్షన్" అన్నాడు. అమ్మ కెమెరా వంక చూసి చక్కగా నవ్వింది.

రెండోసారి కూతురు కెమెరా పక్కన నిలబడి చేత్తో సైగ చేసింది. రేడియో మోగింది. అమ్మకు ఒక్క మాటా వినపడలేదు. కంట తడి లేదు. అమ్మ పక్కనున్నవాళ్ళ మొహాలు చూసింది. ఒకడు కప్పు కింద పెట్టేశాడు. ఇంకొకడు తల పట్టుకున్నాడు. ఒక్కో మొహాన్నీ వెతుక్కుంటూ పోయి, చివరికి పక్కవాడి మణికట్టు పట్టుకుని, చెవిటివాళ్ళు మాట్లాడేంత గట్టిగా అడిగింది.

"ఏమైంది నాయనా? ఎవరూ చెప్పరేం?"

ఆ మాట కథలో లేదు. పక్కవాడు నిజంగానే బిత్తరపోయాడు. దర్శకుడు చాలాసేపటికిగానీ కట్ అనలేదు.

"ఆ రోజు తీసిందే బాగుంది" అన్నాడు ఉన్నదున్నట్టు. "ఇదీ పరవాలేదు, దీన్నే వాడదాం." తర్వాత భూతద్దం వైపు తిరిగాడు. "నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు."

"ఎవరో ఒకరు చూసేవాళ్ళు సార్."

"చూసేవాళ్ళే. కానీ వచ్చే సినిమాకి పిలుస్తానని మాత్రం ఇప్పుడే మాటివ్వలేను."

ఆమె తలూపింది. అంతకన్నా అడిగే మొహం తనకు లేదనుకుంది.

ఆటోలో కూతురు మిషను తుడిచి అమ్మ చెవికి పెట్టింది. అమ్మ కాసేపు వీధి చప్పుళ్ళు విని, కూతురి మోకాలి మీద తట్టింది.

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయిందే ఇవాళ. నావల్ల నీకు మాటొచ్చిందా?"

"రాలేదులే."

"అబద్ధాలాడితే నీ ముక్కు ఎర్రబడుతుంది, చిన్నప్పట్నుంచీ." మళ్ళీ తనే అడిగింది. "ఇంతకీ ఆ ఓడలో ఎవరైనా బతుకుతారా?"

"ఒక్కడు బతుకుతాడు."

"మావాడేనా?"

కథలో ఆ ముసలామె కొడుక్కి పేరు కూడా పెట్టలేదు. "మీవాడే" అంది కూతురు.

సాయంత్రం ట్రైలర్ వచ్చింది. అమ్మ మొహం రెప్పపాటు కనబడి మాయమైంది. వీధిలోవాళ్ళు ఫోన్లు చేస్తుంటే అమ్మ ఒక్కొక్కరికీ ఓడ సంగతి వివరిస్తోంది. భూతద్దం వంటింటి గడప మీద కూర్చుని, ట్రైలర్‌ను ఆపి ఆపి, జనంలో ప్రతివాడి చెవీ వెతుకుతోంది.