రోజ్‌మేర్ నుంచి వచ్చిన హీట్ పంపు

లిజెట్ ముప్పై ఏళ్లు మునిసిపాలిటీ ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పింది. రిటైరైన ఏడాదే ఆమెకు భుజం పట్టేసింది. దువ్వెన తలదాకా ఎత్తడానికే ప్రాణం పోయేది. రోజూ గోరువెచ్చని నీళ్లలో ఈదితే తప్ప అది సర్దుకోదన్నాడు డాక్టరు. భర్త ఫెర్నాన్ ఇళ్లకు పైకప్పులు వేసే మనిషి. ఓదార్పు మాటలు అతనికి చేతకావు. మంచు కరిగీ కరగకముందే తెలిసినవాళ్ల తవ్వే యంత్రం తెచ్చి, సాంజెరోమ్‌లోని తమ ఇంటి పెరట్లో కొలనుకు గొయ్యి తీయించేశాడు.

కొలను కట్టడం సులువుగానే అయిపోయింది. దాన్లో నీళ్లు దేంతో వేడిచేయాలన్న దగ్గర మాత్రం మొగుడూ పెళ్లాలకు కుదరలేదు. గ్యాసు హీటరైతే పొయ్యి మీద ఎసరు పెట్టినట్టు చిటికెలో కాగుతుందని ఫెర్నాన్ వాదన. పెరట్లో ఆ మంట మోత తనకు పడదంది లిజెట్. కప్పు మీద నల్లగొట్టాలు పరిచి ఎండతో వేడిచేసే పద్ధతిని ఆమె తమ్ముడింట్లో చూసింది. ఎండ కాసిన రోజు నీళ్లు సలసల, మబ్బు పట్టిన రోజు గజగజ. చివరికి కొలను సామాన్ల దుకాణం నడిపే తుసిన్యా ఇద్దర్నీ కూర్చోబెట్టి హీట్ పంపు గురించి చెప్పాడు. అది బయటి గాలిలోని వేడిని లాగి నీళ్లలోకి పంపుతుందట. కరెంటు చవకగా దొరికే ఈ ప్రాంతంలో దాన్ని మించింది లేదన్నాడు. దాంతోపాటు ఒక పెట్టె చూపించాడు. పంపు, వేడి, దీపాలు అన్నీ దానికి కట్టేస్తే, మంచం దిగకుండా ఫోన్లోంచే నడపొచ్చు.

ఫెర్నాన్ కళ్లు మెరిశాయి. లిజెట్ పెదవి విరిచింది.

"నీళ్లు ఎట్లా ఉన్నాయో వేలు ముంచి చూసుకోలేనా నేను?"

"అక్టోబరులో ముంచు. వేలు విరిగి చేతికొస్తుంది," అన్నాడు ఫెర్నాన్.

వాళ్లు తటపటాయించడం చూసి తుసిన్యా వెనక గదిలోకి తీసుకెళ్లాడు. అక్కడ ఒక హీట్ పంపు, దాని పెట్టె, రెండూ గీత కూడా పడకుండా ఉన్నాయి. రోజ్‌మేర్‌లో ఒకరింట్లో రెండు వేసవులు వాడినవట. ఇల్లు చేతులు మారింది. కొన్నవాళ్లు కొలనును మట్టితో పూడ్చి గడ్డి పరిచేసుకున్నారు. అంత మంచి కొలను ఎందుకు పూడ్చారని లిజెట్ అడిగింది. పిల్లలున్నవాళ్లు కదా మేడం, భయం ఉంటుంది, అని తుసిన్యా వేరేవైపు చూస్తూ చెప్పాడు. ఆ మాట సబబుగానే తోచింది. రెండూ కలిపి బేరం చేసుకుని తెచ్చేసుకున్నారు.

జూన్‌లో వచ్చే వేసవి పండగ నాటికి కొలను నీలంగా నిండింది. పెట్టెలో ఎనభై డిగ్రీల ఫారెన్‌హీట్ పెట్టి పడుకున్నారు. తెల్లారి లిజెట్ కాలు పెట్టేసరికి నీళ్లు స్నానానికి తోడిపెట్టినట్టున్నాయి. ఫోన్లో ఎనభై ఎనిమిది అని చూపిస్తోంది. వేళ్లు ఊరికే ఉండవని ఆమె మొగుణ్ణి దెప్పింది. నీ భుజానికి సుఖంగా ఉండాలని నువ్వే పెంచుకుని నా మీద తోస్తున్నావా అని అతను ఎదురు దెప్పాడు. మళ్లీ ఎనభైకి దించారు. మర్నాటికి మళ్లీ ఎనభై ఎనిమిది. అంతటితో ఆగలేదు. సాయంత్రం చీకటి పడుతుండగా, ఎవరూ ముట్టుకోకుండానే కొలను అడుగున దీపాలు వెలిగాయి. ఇద్దరూ వంటగది కిటికీలోంచి చూస్తూ నిలబడ్డారు. ఈసారి ఎవరూ ఎవర్నీ దెప్పలేదు.

తుసిన్యాను పిలిపించారు. అతను పెట్టె తెరిచి కాసేపు చూసి చల్లగా నవ్వాడు. పాత యజమాని ఫోను ఇంకా దీనికి కట్టే ఉందని, అక్కడ ఆయన నొక్కితే ఇక్కడ వెలుగుతోందని చెప్పాడు. ఒక్క నిమిషంలో తెంపేస్తానన్నాడు. లిజెట్ ఆగమంది. ఎవరో తమ పెరట్లో రోజూ దీపం పెడుతున్నారు. వాళ్ల మొహం చూడకుండా చెయ్యి నరికినట్టు తెంపేయడం ఆమెకు నచ్చలేదు. పేరు కనుక్కుని తనే వెళ్లింది.

ఆయన పేరు ఎలోవా. ఒకప్పుడు క్షౌరశాల నడిపాడు. ఇప్పుడు వృద్ధుల వసతిగృహంలో ఉంటున్నాడు. గడ్డం నున్నగా గీసుకుని, కిటికీ పక్కన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. లిజెట్ సంగతి చెప్పగానే మొహం సిగ్గుతో కందిపోయింది. భార్య బ్లాండీన్ పొద్దు వాలాక నీళ్లలో దిగేదనీ, ఆమె కోసం దీపం తనే వేసేవాడిననీ చెప్పాడు. ఆమె ఆసుపత్రిలో పోయింది. ఇల్లు అమ్మేశాడు. ఆ దీపం మీట మాత్రం ఫోన్లో ఉండిపోయింది. ఎక్కడా ఏమీ వెలగదనుకునే రోజూ ఒకసారి నొక్కుతున్నాడు.

"మిమ్మల్ని భయపెట్టానా అమ్మా?"

"దీపానికి కాదు. ఆ వేడికే కాస్త కంగారుపడ్డాం. ఎనభై ఎనిమిది పెడుతున్నారు మీరు."

ఎలోవా ఫోను తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"నేను వేడి ముట్టుకోను. నాకు ఆ మీట ఎక్కడుందో కూడా తెలీదు. వేడి సంగతి బ్లాండీన్ చూసుకునేది. చల్లటి నీళ్లు చచ్చినవాళ్లకే బాగుంటాయనేది."

లిజెట్ కారు ఎలా నడిపిందో, ఇంటికి ఎలా చేరిందో ఆమెకే గుర్తులేదు.

ఫెర్నాన్ ఇలాంటివి నమ్మడు. యంత్రానికి మతి చెడిందన్నాడు. పెట్టెను ఊడబీకి షెడ్డులో పడేశాడు. హీట్ పంపుకు వెళ్లే కరెంటు కూడా ఆపేశాడు. ఆగస్టులో ఉత్తరపు గాలి తిరిగి చలి మొదలైంది. ఒక ఉదయం అతను కాఫీ కప్పుతో మెట్ల మీదికి వచ్చి అక్కడే నిలబడిపోయాడు. కొలను మీద ఆవిరి లేస్తోంది. హీట్ పంపు ఫ్యాను కదలడం లేదు. చప్పుడూ లేదు. లిజెట్ వచ్చి నీళ్లలో చెయ్యి పెట్టింది. ఎవరో అప్పుడే లేచి వెళ్లిన పక్క ఎలా ఉంటుందో అంత వెచ్చగా ఉన్నాయి.

ఆమె దిగింది. ఫెర్నాన్ వద్దన్నాడు. అయినా దిగింది. ముప్పై ఏళ్లు నీళ్లలో బతికిన మనిషి, తన పెరట్లో నీళ్లకు తను జడవడమేమిటన్న పంతం. రెండు బారలు వేసిందో లేదో ఎడమ పక్కటెముకలకు నీళ్లు మెత్తగా తగిలాయి. పక్క వరుసలో ఒకరు ఈదుతున్నప్పుడు నీళ్లు అలా తోస్తాయి. కళ్లు మూసుకున్నా ఆమె పోల్చుకోగలదు. తను వేగం పెంచితే ఆ తోపు పెరిగింది. తగ్గిస్తే తగ్గింది. గోడ దగ్గర తను తిరిగితే అదీ తిరిగింది. ఆ బార తీరు కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లది కాదు. చెయ్యి తిరిగిన ఈతే. లిజెట్ ఒడ్డుకెక్కి తువ్వాలు చుట్టుకుని నీళ్లకు దూరంగా జరిగి కూర్చుంది. విచిత్రమేమంటే, అన్ని నెలల్లో మొదటిసారి ఆమె భుజం నొప్పి లేకుండా తలదాకా లేచింది.

ఎలోవాను ఒకసారి తీసుకొద్దామంది ఆమె. నీళ్లలో ఉన్నది బ్లాండీనే అయితే, ఆమె చూడాల్సింది తమను కాదు కదా. ఆదివారం మధ్యాహ్నం ఫెర్నాన్ వెళ్లి ఆయన్ని కారులో తెచ్చాడు. ముసలాయన పాంటు మోకాళ్లదాకా మడిచి, మొదటి మెట్టు మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టాడు. వెచ్చదనం తగలగానే ఆయన మొహం విచ్చుకుంది. పేరు పెట్టి పిలుస్తూ ఏదో మెల్లగా మాట్లాడుకున్నాడు. ఆయనకు ఇంకాస్త ఊరటగా ఉంటుందని లిజెట్ తన అనుభవం చెప్పింది. పక్కనే ఒక బార, తనతో సమానంగా, గోడ దాకా వెళ్లి తిరిగిందని.

ఎలోవా నెమ్మదిగా ఒక కాలు, తర్వాత రెండోది పైకి తీసుకున్నాడు.

"బ్లాండీన్‌కి ఈత రాదమ్మా. మెట్టు మీద నిలబడి చేతులాడించేది, అంతే. నడుం లోతు దాటితే నా మెడ పట్టుకునేది."

గాలి లేదు. అటుచివర గోడ దగ్గర నీళ్లు కొద్దిగా ఉబ్బాయి. అక్కణ్ణుంచి సన్నని గీత ఒకటి నీళ్ల మీద తిన్నగా ఇటే వచ్చింది. మెట్ల దాకా వచ్చి ఆగిపోయింది. చిన్న అల ఒకటి మొదటి మెట్టు తడిపి వెనక్కి జారింది.

ఫెర్నాన్ ముసలాయన్ని చంకల కింద పట్టుకుని లేపాడు. ఇంట్లో కూర్చోబెట్టి తిన్నగా షెడ్డుకు వెళ్లి రంపం తెచ్చాడు. ఆ సాయంత్రమే గొట్టాలు కోసి, హీట్ పంపునూ పెట్టెనూ ట్రక్కులోకి ఎక్కించాడు. దుకాణం దగ్గర తుసిన్యా ఎందుకని అడగలేదు. తనే ఒక చెయ్యి వేసి దింపించుకుని, వెనక గదిలో గోడవైపు తిప్పి పెట్టాడు. ఆ కొలను పూడ్చినవాళ్లు ఏం చెప్పి ఇచ్చారని ఫెర్నాన్ నిలదీశాడు. వాళ్ల పెద్ద పిల్ల ఎవరూ నేర్పకుండానే ఈత నేర్చుకుందని చెప్పారట. ఆ మర్నాడే కొలను పూడ్చేశారట.

మర్నాటికి కొలను నీళ్లు సరస్సు నీళ్లలా చల్లబడ్డాయి. మరుసటి ఏడు తుసిన్యా కొత్త రకం హీటర్ల బొమ్మలున్న కాగితాలు పంపాడు. ఫెర్నాన్ వాటిని చూడకుండానే పొయ్యిలో వేశాడు. లిజెట్ భుజం మళ్లీ పట్టేసింది. వెచ్చని నీళ్ల కోసం వారానికి రెండుసార్లు పాత మునిసిపాలిటీ కొలనుకే వెళ్తోంది. ఎండలు ముదిరినప్పుడు మాత్రం ఇద్దరూ పెరట్లో నీళ్లలో దిగుతారు, పళ్లు టకటకలాడుతుంటే ఒకర్నొకరు తిట్టుకుంటూ. ఎలోవాను ఆదివారాలు భోజనానికి తీసుకొస్తారు. ఆయన గొడుగు నీడలో కూర్చుని, ఉడికించిన మొక్కజొన్న కండెకు వెన్న రాసుకుని తాపీగా తింటాడు. కుర్చీ మాత్రం నీళ్లకు బాగా ఎడంగా వేయించుకుంటాడు. దగ్గరికి జరగమని వాళ్లూ ఎప్పుడూ అనలేదు.