తూర్పు గ్యాలరీలో ఒక్కరు

శామ్యూల్ ఆ రోజు చర్చిలో కానుకలు పట్టే ఎర్ర మఖమలు సంచి పట్టుకుని వచ్చాడు. సంచిలో ఉన్నవి కానుకలు కావు, స్టేడియం పాసులు. కాడుగోడి రోవర్స్ ఫుట్‌బాల్ జట్టు అభిమానులు ఒక్కొక్కరే తమ పాసును ఆ సంచిలో వేసి, ఈ ఓనరు ఉన్నంతవరకు గ్యాలరీలో అడుగు పెట్టమని మాట ఇస్తున్నారు.

"అన్న పాసొకటే మిగిలుండాది వదినా."

"బీరువా తాళం కనపడలేదప్పా. వెతికి పెడతాలే," అంది విజయకుమారి.

తాళం ఆమె కొంగుకే ముడివేసి ఉంది. శామ్యూల్ దాన్ని చూసి కూడా చూడనట్టే కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

ఆమె భర్త దేవదానం పోయి పదకొండు నెలలైంది. బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసేవాడు. జట్టు పుట్టినప్పటి నుంచీ, అంటే పన్నెండేళ్ళు, తూర్పు గ్యాలరీ మూడో వరస చివరి కుర్చీ ఆయనది. మొదటి నుంచీ ఉన్నవాళ్ళకు క్లబ్బు ఇచ్చిన శాశ్వత పాసు అది. ఆయన గొంతు ఇంజను మోతను దాటి వినపడాల్సిన గొంతు. "కుడిపక్క ఖాళీగా ఉండాడు సూడప్పా!" అని అరిస్తే బంతి కాలికింద ఉన్న ఆటగాడు నిజంగానే తలెత్తి చూసేవాడు.

అపార్ట్‌మెంట్లు కట్టే ఒకాయన జట్టును కొన్నాక అంతా మారింది. బాగా ఆడేవాళ్ళను ఏటా అమ్మేశాడు. రెండేళ్ళలో నలుగురు కోచ్‌లు మారారు. చివరాయనకు ఆటగాళ్ళ పేర్లు నోటికి వచ్చేలోపే ఉద్యోగం పోయింది. ఓడిన ప్రతిసారీ దేవదానం ఇంటికొచ్చి బూట్లు విసిరేసి, "ఇంక పోను విజయా, ఒట్టు," అనేవాడు. శనివారం వచ్చేసరికి ఇస్త్రీ చేసిన జెర్సీ కావాలనేవాడు. "ఒట్టు పెట్టింది ఎవురు?" అని ఆమె నవ్వితే, "అది పోయిన వారం ఒట్టు," అనేవాడు.

గ్యాలరీ మొత్తం ఖాళీగా పెడితే గానీ ఆ ఓనరుకు బుద్ధి రాదని తమ్ముడితో మొదట అన్నది కూడా ఆయనే. ఇప్పుడు శామ్యూల్ ఆ పనే చేస్తున్నాడు. సొంత మైదానంలో వరసగా మూడు మ్యాచ్‌లకు తూర్పు గ్యాలరీకి ఒక్క మనిషి కూడా రాకపోతే ఓనరును పిలిపించి, జట్టును వేరేవాళ్ళకు అప్పగించే సంగతి మాట్లాడతామని లీగ్ కమిటీ రాసిచ్చింది. గేటు దగ్గరి యంత్రానికి పాసు చూపిస్తే మనిషి లెక్క పైనున్న బోర్డు మీద పడుతుంది. ఆ అంకె మూడుసార్లూ సున్నాగా ఉండాలి.

మొదటి మ్యాచ్ రోజు సాయంత్రం విజయకుమారి ఆసుపత్రిలో నర్సు డ్యూటీ ముగించుకుని వచ్చి, నానబెట్టిన అనపగింజలు పితుకుతూ కూర్చుంది. ఫోను బియ్యం డబ్బాకు ఆనించి ఉంది. శామ్యూల్ పక్కనే స్టూలు లాక్కున్నాడు.

"బహిష్కరించినాం అంటివి?"

"గ్యాలరీని గదా వదినా, ఫోన్ను కాదు."

తెర మీద తూర్పు గ్యాలరీ ఖాళీగా ఉంది. నీలం కుర్చీల మీద ఎండ పడుతోంది. కానీ జనం కేకలు మాత్రం హోరుమంటున్నాయి. ఖాళీ గ్యాలరీ పరువు తీస్తుందని ఓనరు స్పీకర్లు పెట్టించి, పాత మ్యాచ్‌లో రికార్డు చేసిన గోల వేయిస్తున్నాడు. మనుషుల్లేని కుర్చీల్లోంచి వేలమంది అరుపులు వస్తున్నాయి.

అప్పుడు వినపడింది.

"కుడిపక్క ఖాళీగా ఉండాడు సూడప్పా!"

పితికిన గింజ ఆమె వేళ్ళలోంచి జారి పొయ్యి కిందికి పోయింది. శామ్యూల్ ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత దాన్ని మళ్ళీ డబ్బాకు ఆనించాడు.

"పాత రికార్డింగు గదా వదినా. పన్నెండేళ్ళు అరిచినాడు. దేంట్లోనూ పడకుండా ఎట్లుంటాడు?"

అది నిజమే అనిపించింది. అనిపించాక ఆ రికార్డింగు తన దగ్గర ఉండాలనిపించింది. స్పీకర్లు అద్దెకిచ్చింది కుందలహళ్ళిలోని ఒక కంపెనీ. అందులో పనిచేసే శశిధర్ వాళ్ళమ్మ రెండు వారాలు విజయకుమారి వార్డులోనే ఉండి వెళ్ళింది. అడగ్గానే పంపించాడు.

"ఒకే మ్యాచ్ ఆడియో ఆంటీ, ఫార్టీ మినిట్స్ ఉంటుంది. అదే లూప్‌లో తిప్పుతాం. వేరే ఏం లేదు."

ఆమె తలుపు గడియ పెట్టి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నలభై నిమిషాలూ వింది. డప్పులు, ఈలలు, ఎవరో ఆడపిల్ల కేక, ఎదుటి జట్టు పేరు చెబుతున్న మైకు. దేవదానం గొంతు లేదు. రెండోసారి మొదటి నుంచి వింది. లేదు. మైకులో చెప్పిన ఆ జట్టు పేరు దగ్గర ఆగిపోయింది. వాళ్ళతో సొంత మైదానంలో ఆడింది ఒకే ఒక్కసారి. ఆ రోజు దేవదానం కిడ్నీలో రాయికి ఆపరేషన్ అయి ఆమె వార్డులోనే, ఆమె కళ్ళముందే మంచం మీద ఉన్నాడు. ఫోనులో మ్యాచ్ చూస్తూ అరుస్తుంటే, "కుట్లు తెగుతాయి, నోరు మూసుకో," అని తిట్టింది కూడా.

రెండో మ్యాచ్‌కు శామ్యూల్‌ను రమ్మనలేదు. ఒక్కతే కూర్చుంది.

ఆట మొదలై అరగంట అయ్యాక గొంతు వచ్చింది. ఈసారి పాత మాట కాదు.

"జోయేలూ! లోపలికి రావొద్దు, అంచునే ఉండు నాయనా!"

జోయెల్ వాళ్ళ చర్చి పిల్లాడే, ఇప్పుడు ఇరవై ఏళ్ళవాడు. జట్టులో చేరింది మొన్న జూన్‌లో. అప్పటికే దేవదానం లేడు. తెర మీద జోయెల్ పరుగు ఆపి తూర్పు వైపు తల తిప్పాడు. తర్వాత గీత అంచుకు జరిగాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె అతన్ని చర్చి మెట్ల దగ్గర పట్టుకుంది.

"నిన్న మైకులో నీ పేరు వినపడిందా జోయెల్?"

అతను చుట్టూ చూశాడు. "మైకులో కాదాంటీ. మూడో వరసలోంచి." ఒక మెట్టు దిగి, "మీకూ వినపడిందా?" అన్నాడు. ఆమె జవాబు చెప్పేలోపే వందనాలు చెప్పి గబగబా దిగిపోయాడు.

ఆ రాత్రి విజయకుమారి బీరువా తెరిచి పాసును హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. ఒక్క గంట. ఆయన పక్క కుర్చీలో ఒక్క గంట కూర్చుంటే చాలు. పదకొండు నెలలుగా ఇంట్లో ఏ గదిలోనూ ఆయన జాడ తెలియలేదు. ఉన్నచోటు తెలిశాక కూడా వెళ్ళకుండా ఎలా ఉండటం? ఈ బహిష్కరణ గెలిస్తే నాలుగువందల మంది మళ్ళీ ఆ గ్యాలరీ నింపుతారు. ఆ గోలలో ఆ గొంతు ఇంక దొరకదు.

మూడో మ్యాచ్ రోజు సెలవు పెట్టి, ఆయనకు తీసుకెళ్ళే అలవాటు కొద్దీ ఫ్లాస్కులో కాఫీ పోసుకుని వెళ్ళింది. స్టేడియం బయట గోడ పొడవునా అభిమానులు నల్ల రిబ్బన్లు కట్టుకుని నేలమీద కూర్చుని ఉన్నారు. నాలుగో గేటు దగ్గర కుర్చీలో సెక్యూరిటీ మునివెంకటమ్మ. గేటు పైన బోర్డు మీద ఎర్ర అంకె: సున్నా.

శామ్యూల్ సంచితో ఎదురొచ్చాడు. ఆమె చేతిలో పాసు చూశాడు.

"లోపలికి పోతావా వదినా?"

"ఒక్క గంట శామ్యూల్. ఆయన పక్కన కూర్చుని వచ్చేస్తా."

అతను పక్కకు జరిగి దారి ఇచ్చాడు. "పో వదినా. నిన్ను ఆపేదానికి నాకు నోరు రాదు. గానీ ఈ గ్యాలరీని ఖాళీగా చూడాలనింది అన్నే. నువ్వు పోతే, ఆయన మాటను ఆయన పాసుతోనే కొట్టేసినట్టయితాది."

పాసు మీద ఫోటోలో దేవదానం పళ్ళు కనపడేలా నవ్వుతున్నాడు. ఆమె దాన్ని చాలాసేపు చూసి, సంచిలో వేసింది. శామ్యూల్ తాడు బిగించి, సంచి ఒళ్ళో పెట్టుకుని గోడకు ఆనుకున్నాడు. ఆమె ఆ పక్కనే కూర్చుంది.

రికార్డింగులు వెయ్యకూడదని కమిటీ చెప్పడంతో ఆ రోజు స్పీకర్లు తీసేశారు. గోడకు అవతల బంతి దెబ్బ, రెఫరీ ఈల, ఐదో కోచ్ కేకలు తప్ప ఏమీ లేవు. చూస్తుండగానే గంట దాటింది. ఆమె కొంగు కొసను వేలికి చుడుతూ, విప్పుతూ కూర్చుంది. ఆ గొంతు రాలేదు. పాసు సంచిలో వేసినప్పుడే వెళ్ళిపోయాడేమో అనుకుంది.

"కుడిపక్క ఖాళీగా ఉండాడు సూడప్పా!"

గోడ పొడవునా తలలన్నీ ఒక్కసారి లేచాయి. ఎవరూ ఎవరి ముఖమూ చూసుకోలేదు. లోపల బంతి గట్టిగా తగిలిన చప్పుడు, వల కదిలిన చప్పుడు, ఆటగాళ్ళ అరుపులు. జోయెల్ గోల్ కొట్టాడు. బయటివాళ్ళు మాట ఇచ్చారు కాబట్టి చేతులు కదపలేదు. కానీ గోడ అవతల, ఖాళీ గ్యాలరీలో, ఒక మనిషి చప్పట్లు కొడుతున్నాడు. నిదానంగా, గట్టిగా.

గేటు పైన అంకె మారింది.

ఒకటి.

శామ్యూల్ తాడు విప్పి పాసులన్నీ తువ్వాలు మీద కుమ్మరించాడు. దేవదానం పాసు అందులోనే, అన్నిటికీ పైనే ఉంది. మునివెంకటమ్మ లేచి నిలబడింది.

"నా గేటు దాటి పిట్ట గూడా పోలేదమ్మా. మిషను మాత్రం కుంయ్‌మనింది, ఒక్కసారి. నేను ఇక్కడే ఉండా."

కమిటీ మనిషి వచ్చి బోర్డు చూసి, కాగితం మీద తూర్పు గ్యాలరీ ఎదురుగా "1" అని రాసుకుని లోపలికి పోయాడు. మూడు వారాల కష్టం అంతటితో అయిపోయింది.

శామ్యూల్ గోడవైపు తిరిగి, "ఏందన్నా ఇది? నువ్వు చెప్పిందే గదా చేసినాం," అన్నాడు.

విజయకుమారికి నవ్వొచ్చింది, ఏడుపు కూడా. "ఇంక పోనని ఎన్నిసార్లు ఒట్టు పెట్టలేదు మీ అన్న? ఏ శనివారమన్నా ఆగినాడా?"

ఆట ముగిసింది. జనం రిబ్బన్లు విప్పుకుంటూ వెళ్ళిపోయారు. దీపాలు ఒక్కొక్కటీ ఆరుతుంటే మునివెంకటమ్మ గొలుసు, తాళం తీసుకుని గేటు మూయబోయింది.

"కొంచెం ఆగక్కా," అంది విజయకుమారి. ఫ్లాస్కు మూత తిప్పి కాఫీ పోసింది. "ఆయన అందరికన్నా చివర్లో వస్తాడు. కోచ్‌ను తిట్టి గానీ లేవడు."

మునివెంకటమ్మ చీకటి పడ్డ మెట్లవైపు చూసింది. గొలుసు గేటుకు వేలాడనిచ్చి, తాళం చేతిలోనే పట్టుకుని, ఆమె పక్కన నిలబడింది.