ఆఖరి విడత

హోటల్ లాండ్రీలో ఆవిరి మధ్య నిలబడి ఐరీనా దుప్పటి అంచులు కలుపుతోంది. సబ్బునీళ్లకు నాని పగిలిన వేళ్లు, మోచేతుల దాకా ఎర్రబారిన చర్మం. పెళ్లీ పెటాకులూ లేకుండా, ఆటగాళ్ల బొమ్మలుండే చిన్నపిల్లల బేస్‌బాల్ కార్డులు పోగేస్తోందని తోటి ఆడవాళ్లు వెనక నవ్వుకుంటారు. ఆమెకు తెలుసు, పట్టించుకోదు. శనివారం ఒంటిపూట సెలవు కావాలని అడిగితే మేనేజరు గొణిగాడు. అతను గొణగడం ఆపేసరికి ఆమె కోటు తొడుక్కుని గుమ్మం దాటేసింది.

పోలియో వాళ్ల ఊరు నాంటికోక్ వీధుల్లోకి వచ్చిన ఏడాది, వేసవి చివర, తమ్ముడు కాజిక్‌ను ఆసుపత్రికి తీసుకెళ్లారు. వెళ్తూ వెళ్తూ అక్కకు ఒకటే పని అప్పగించాడు: ఏడాది పొడవునా విడతలుగా అమ్మే కార్డుల్లో ఆఖరి విడత ఇంకా రావాలి, తనకిష్టమైన ఆటగాడు టెలింగర్ అందులోనే ఉంటాడు, కొని ఉంచమని. వాడు తిరిగి రాలేదు. అంటురోగం, మిగిలిన బిడ్డైనా దక్కాలని అమ్మ స్టెఫానియా వాడి బట్టలు, దిండు, కార్డుల పెట్టె తన చేత్తోనే పొయ్యిలో వేసింది. ఆ విడత ఆకురాలు కాలంలో వచ్చింది. అప్పటికి పిల్లల ధ్యాస ఫుట్‌బాల్ మీదికి మళ్లింది. అమ్ముడుపోవని దుకాణాలవాళ్లు తెప్పించనే లేదు. పెద్ద ఆటగాళ్లంతా అందులోనే ఉండిపోయారు.

సంపాదన మొదలైన నాటినుంచీ ఐరీనా ఒక్కొక్కటే వెతికి తెచ్చి ఆ కట్ట మళ్లీ కూర్చింది. టెలింగర్ ఒక్కడే దొరకలేదు. ఈమధ్య మతి నిలకడ తప్పిన అమ్మ రోజూ అదే అడుగుతోంది: పెట్టె ఏదీ, టెలింగర్ దొరికాడా, నేను కాల్చేశానా. గుండె ఎక్కువకాలం పనిచేయదని డాక్టరు చెప్పాడు. వెలితి ఉన్న పెట్టె అమ్మ ముందు పెట్టకూడదని ఐరీనా పట్టు.

అగ్నిమాపక కేంద్రం హాల్లో కార్డుల సంత. వ్యాపారి మోర్ట్ శాండ్లర్ బల్ల మీద టెలింగర్ ఉన్నాడు, ముఖానికి అడ్డంగా మడతగీతతో. ఐరీనా తన దగ్గరున్న మేలిమి కార్డును, వేరే సంవత్సరానిదాన్ని, మార్పిడికి అతని ముందు పెట్టింది. నిరుడు ఇదే కార్డు కోసం అతను బతిమాలితే ఇవ్వలేదు.

మోర్ట్ కళ్లద్దాలు పైకి నెట్టుకున్నాడు. "అమ్మాయీ, నేను వ్యాపారినే గానీ దొంగను కాను. ఇది పుచ్చుకుంటే నిన్ను ముంచినట్టే. వసంతం దాకా ఆగు, మడత లేనిది తెచ్చిపెడతాను."

"నేను ఆగుతాను. మా అమ్మ ఆగదు."

మోర్ట్ ఆమె తెచ్చిన కార్డు తీసుకున్నాడు. టెలింగర్‌ను రెండు అట్టముక్కల మధ్య పెట్టి ఇచ్చాడు.

ఇంట్లో కిటికీ పక్క మంచం మీద స్టెఫానియా కూర్చుని ఉంది. ఐరీనా పెట్టె ఆమె ఒడిలో పెట్టింది. ముసలామె ఒక్కో కార్డూ తీసి, చూసి, దుప్పటి మీద పేర్చింది. ఎండ గోడమీది నుంచి దిగిపోయేదాకా పేరుస్తూనే ఉంది.

"కాల్చేశాననుకున్నానే."

"లేదమ్మా. కాల్చలేదు."

టెలింగర్ దగ్గర ఆమె వేలు ఆగింది. "వీడికి ముఖం మీద ఈ గీత ఏమిటి?"

ఐరీనా తడబడలేదు. "కాజిక్ జేబులో పెట్టుకుని తిరిగాడమ్మా."

"వాడంతే," అంది స్టెఫానియా తృప్తిగా. "చెబితే వింటాడా."

ఆ పూట ఆమె క్యాబేజీ సూప్ అడిగి మరీ తాగింది.

ఆదివారం చర్చి గంటలు మోగుతుంటే ఐరీనా టీ పట్టుకుని గదిలోకి వెళ్లింది. అమ్మ గోడవైపు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకుని ఉంది. ముట్టుకుంటే చల్లగా తగిలింది. ఐరీనా కప్పు కింద పెట్టి, ఆ పక్కనే మంచం మీద కూర్చుంది. ఊరూరా చుట్టాలకు చెప్పాల్సినంత పెద్ద కుటుంబం కాదు. పాదిరిగారికి కబురు చేస్తే చాలు. కాసేపటికి లేచి కబురు పంపింది.

కార్డులన్నీ పెట్టెలోకి వెళ్లిపోయి ఉన్నాయి. పెట్టె చుట్టూ అమ్మ పూలపూల తలగుడ్డ కట్టి ఉంది, బడికి వెళ్లే పిల్లవాడి బూట్ల తాడు ఊడిపోకుండా బిగించినట్టు, రెండు ముడులతో గట్టిగా.