పలకగలిగే పేరు

రాజ్యం కుంపిణీ చేతుల్లోంచి రాణి పేరు మీదికి మారిన ఏడాది, సింగానల్లూరులో మా చెల్లెలు చెన్నమ్మాళ్, ఆమె భర్త రత్నసభాపతి నువ్వుల గానుగ పెట్టారు. రెండేళ్లుగా పత్తి పండలేదు. ఎడ్లను అమ్ముకోవడమా, గానుగకు కట్టడమా అంటే గానుగకే కట్టారు. అతను నూనె ఆడిస్తాడు, ఆమె సోమవారం సంతలో అమ్ముతుంది.

నేను తిన్నె బడి పంతులును. అంగడికి పేరు పలక రాయమని రత్నసభాపతి నా దగ్గరికి వచ్చాడు.

"నా గానుగ, నా ఎద్దు. నా పేరే రాయి బావా, పెద్ద అక్షరాలతో."

అరవంలో ఒక వరస, తెలుగులో ఒక వరస రాశాను. మా ముగ్గురికీ తోచని సంగతి మొదటి సంతలోనే బయటపడింది.

కాళియమ్మ అనే ముసలామె నూనె వాసన చూసి మెచ్చుకుంది. "ఎవరి అంగిడమ్మా ఇది?"

"ఇంటాయనది" అంది చెన్నమ్మాళ్.

"ఏ ఇంటాయన? పేరు లేదా ఆయనకి?"

"ఉండాది. పలక చూడు."

"చదివేదానికి వచ్చుంటే నిన్నేల అడిగేది?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మా ఇళ్లలో ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. నా భార్య నాగమ్మాళ్ పోయి నాలుగు నెలలు. పందొమ్మిదేళ్ల కాపురంలో నా పేరు ఆమె గొంతులో ఎలా ఉంటుందో నేను వినలేదు. పలక రాసేటప్పుడైనా ఆ సంగతి నాకు గుర్తు రావలసింది.

తర్వాతి సోమవారం కాళియమ్మ మా నూనె తెమ్మని కోడలిని పంపింది. ఏమని అడగాలో తెలియక ఆ పిల్ల పక్క అంగడిలో కొనుక్కుని పోయింది. ఇలాగే సాగితే ఎడ్లు అమ్మక తప్పదు.

ఆ సాయంత్రం గానుగ దగ్గర కూర్చుని వేరే పేరు వెతికాము.

"మీ నాయన పేరు పెడితే?" అని రత్నసభాపతిని అడిగాను.

"మామ పేరు నేను పలికేదా?" అంది చెన్నమ్మాళ్.

"ఊరి దేవత మారియమ్మ పేరు?"

"మా అత్త పేరూ అదే గదన్నా! ఆ తల్లిని గూడా నేను 'గుళ్లో ఆమె' అనే అంటా."

"పోనీ, నీ పేరు?"

"ఆడదాని పేరు సంతలో అరిపిస్తావా బావా?" అన్నాడు రత్నసభాపతి.

"పొద్దున లేస్తే నీ నోట మొదట వచ్చే పేరేది?" అని చెల్లెలిని అడిగాను.

ఆమె గానుగ తిప్పుతున్న ఎర్రెద్దు వైపు చూసింది. "సెవల."

రత్నసభాపతి లేచి నిలబడ్డాడు. "ఎద్దు పేరా! నాకన్నా అది ఎక్కువా?"

"దాన్ని పిలిస్తే పాపం లేదు."

"ఎద్దు పేరుతో అంగిడి యాడన్నా ఉందా?"

"లేదు. అందుకే ఎవురూ మరిచిపోరు."

నేను పలక కడిగాను.

మూడు సంతలు తిరిగేసరికి "సెవల నూనె ఎక్కడ?" అని అడుగుతూ వచ్చేవాళ్లు కనబడ్డారు. నాలుగో సంతకు జనం రత్నసభాపతినే సెవలాయన అనసాగారు. అతను ముఖం ముడుచుకుని తిరిగాడు. ఆ రోజు మధ్యాహ్నానికే కుండ ఖాళీ అయింది. అతను గుంపులో ఎక్కడో ఉన్నాడు. చెన్నమ్మాళ్ లేచి నిలబడి గొంతెత్తింది.

"సెవలాయనా! ఇంకో కుండ తీసుకురాండి!"

పెళ్లయిన పన్నెండేళ్లకు భార్య నోట పేరు విని అతను చటుక్కున తిరిగాడు. పిలిచింది నన్ను కాకపోయినా, ఇటుపక్క నిలబడ్డ నేనూ తిరిగాను.