టీచరమ్మ విన్న కీచు

ఆయన్ని వీధంతా కోతలాయన అనేది. టెలిఫోన్ మెకానిక్‌గా ముప్ఫై నాలుగేళ్లు పనిచేశాడు. తన చెవి గురించి అంతకు రెట్టింపు కోతలు కోశాడు. మైలు దూరంలో తీగ మీద కాకి వాలితే, అది ఆడదో మగదో రిసీవర్లో విని చెప్పేవాడట. ఓసారి గాలివానకి లైను తెగితే, రెండు కొసలూ రెండు చేతుల్తో పట్టుకుని, ఎవరివో పెళ్లిమాటలు తన ఒంట్లోంచే నడిపించాడట. ఆ మాటలు తన గుండె మీదుగా వెళ్లాయి గనక ఆ మొగుడూ పెళ్లాలు ఇప్పటిదాకా ఒక్కసారి కూడా కసురుకోలేదట. అందరూ పడీపడీ నవ్వేవాళ్లు. కానీ చప్పుళ్ల సంగతి వచ్చేసరికి మాత్రం ఆయన మాటకి తిరుగుండేది కాదు. అదే కొంప ముంచింది.

రిటైరయ్యాక ఆయన ఒక్కో భాగమూ కొనుక్కొచ్చి, వెనక గదిలో సొంతంగా కంప్యూటర్ బిగించుకున్నాడు. విమానం నడిపే ఆట కోసం అందులో ఇటుకంత గ్రాఫిక్స్ కార్డు పెట్టాడు. సాయంత్రం ఐదింటికి విమానం ఎక్కితే ఏడింటికి గానీ దిగేవాడు కాదు. సరిగ్గా ఆ వేళకే ముందు గదిలో ఆయన భార్య టీచరమ్మ పదిమంది పిల్లలకి పాట నేర్పుతూ ఉండేది.

కంప్యూటర్ వచ్చిన నెలకి టీచరమ్మ, "ఏవండీ, మీ మిషన్ కీచుమంటోంది" అంది. "సన్నగా, సూదితో పొడిచినట్టు. నా శ్రుతి నిలవట్లేదు."

కోతలాయన వంగి, పెట్టెకి చెవి ఆనించి విన్నాడు. ఏమీ లేదు.

"నాకు వినపడని చప్పుడు ఇంకా పుట్టలేదే" అన్నాడు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. పిల్లల్ని పిలిచి వరసగా నిలబెట్టాడు. "ఎవరికిరా కీచు వినిపిస్తోంది? చెయ్యెత్తండి. ఎత్తినవాళ్ల చెవిలో డాక్టరు చేత ఇంత సూది పొడిపిస్తా" అని జానెడు కొలిచి చూపించాడు. ఒక్క చెయ్యి లేవలేదు. ఆయన పకపకా నవ్వాడు. టీచరమ్మ మాత్రం పిల్లల మొహాలకేసి ఒకటొకటిగా చూసి, తల దించుకుంది.

చెవి డాక్టరు, "ఈ వయసులో కొందరికి చెవిలో మోత మామూలేనమ్మా" అని మాత్రలు రాశాడు. ఆమె మాత్రలు మింగింది. దూది పెట్టుకుంది. చివరికి, "చెవి చెడినదాన్ని, పిల్లల గొంతులు కూడా చెడగొట్టడం ఎందుకు?" అని తరగతి మూసేసి, హార్మోనియం బడికి ఇచ్చేసింది. ఆ ఇంట్లో పాట ఆగి ఆరేళ్లయింది. గిన్నెలు తోమేటప్పుడు కూనిరాగం కూడా లేదు. విమానం మాత్రం రోజూ ఎగిరేది.

మొన్న ఆయన చెల్లెలి కూతురు చిట్టి, ఉద్యోగం ట్రైనింగ్ ఉందని వారం రోజులకి వచ్చింది. ఆదివారం పొద్దున టీచరమ్మ కూరగాయలకి వెళ్లిన వేళ, వెనక గది గుమ్మంలో అడుగుపెడుతూనే చెవులు మూసుకుంది.

"మామయ్యా, ఏంటీ కీచుగోల? లోపల ఎలుకేమైనా ఇరుక్కుందా?"

మౌస్ మీద కోతలాయన చెయ్యి ఆగిపోయింది.

"ఏ గోలే?"

"ఇదే! నీకు వినపడట్లేదా?"

"నాకు వినపడకపోవడమేంటే, నేను..." అని మొదలుపెట్టి, మిగతాది మింగేశాడు.

పెట్టె పక్క తలుపు స్క్రూలు విప్పాడు. పని ఆయనది, చెవి చిట్టిది. కంప్యూటర్ ఆపి, ఒక్కొక్కటీ ఊడదీసి, మళ్లీ వేసి చూశారు. స్పీకర్లు తీశాడు. "ఉంది" అంది. రెండో డిస్కు తీశాడు. "ఉంది" అంది. ఫ్యాన్లు కాసేపు ఆపాడు. అయినా ఉంది.

"నువ్వు మౌస్ కదిపినప్పుడల్లా దాని కూత మారుతోంది మామయ్యా."

కదిపితే మారుతోందంటే, మిషన్‌కి పని పెరిగినకొద్దీ కూత పెరగాలి. విమానం ఆట పెట్టాడు. చిట్టి ఉలిక్కిపడింది. పాత పేపరు గొట్టంలా చుట్టి, ఒక కొస ఆమె చెవికి పెట్టి, రెండో కొస లోపల మెల్లగా జరుపుతూ వచ్చాడు. పవర్ సప్లై దగ్గర, "కొంచెం" అంది. గ్రాఫిక్స్ కార్డు మీదికి రాగానే తల వెనక్కి లాగేసుకుంది.

"అబ్బ! ఇదే, ఇదే!"

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. ఆ కార్డులో చిన్న చిన్న తీగచుట్టలు ఉంటాయి. కరెంటు తెరలు తెరలుగా వస్తుంటే అవి వణుకుతాయి, వణికితే కూస్తాయి. ఆ తీగచుట్టల కూతని కొత్తగా చేరిన మెకానిక్‌లకి దగ్గరుండి నేర్పినవాడు తనే. లేచి కార్డు ఊడబీకి, మానిటర్ తీగని మదర్‌బోర్డుకే తగిలించాడు.

"ఇప్పుడో?"

"హమ్మయ్య, పోయింది."

ఆయనకి అప్పుడూ ఇప్పుడూ ఒకే నిశ్శబ్దం.

"ఈమధ్యే మొదలైందా మామయ్యా?"

"ఆరేళ్లయింది."

చిట్టికి అర్థమవడానికి కాస్త పట్టింది. "అత్తయ్య పాట మానేసింది దీనికా? అమ్మ ఏదో చెవి జబ్బు అంది."

"జబ్బు చెవిదేనే. ఎవరి చెవిదో నేను చూసుకోలేదు."

గబగబా కార్డు మళ్లీ బిగించాడు. టీచరమ్మ తన చెవికి ఏ లోటూ లేదని, అప్పుడూ లేదని, తనంతట తను విని తెలుసుకోవాలి. ఆయనకి ఇక వేరే ఏమీ అక్కర్లేదు. టీచరమ్మ గుమ్మంలోకి వచ్చీ రాగానే, సంచీ చేతిలో ఉండగానే లాక్కొచ్చి నిలబెట్టాడు.

"విను."

విమానం లేచింది. చిట్టి మొహం చిట్లించుకుంది. టీచరమ్మ తల వంచి, కళ్లు మూసుకుని, పిల్లల స్వరం సరిచూసేటప్పటిలాగే నిలబడింది. చాలాసేపు వింది.

"ఏమీ లేదండీ."

"సరిగ్గా విను." పేపరు గొట్టం చెవికి పెట్టాడు.

"ఫ్యాను గాలి. అంతే."

అప్పుడు తట్టింది ఆయనకి. ఆ ఆరేళ్లూ ఆమె చెవి మీదుగా కూడా నడిచాయి. వయసు ముందుగా పట్టుకుపోయేది ఆ సన్నని చప్పుళ్లనే.

"కూస్తోందే! అప్పుడు నీకు వినపడింది నిజం. కావాలంటే చిట్టిని అడుగు!"

"ఉందత్తయ్యా, ఒట్టు."

టీచరమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి నవ్వింది. "ఈసారి సాక్షిని కూడా తయారుచేసుకున్నారే!"

"కోత కాదే తల్లీ, నమ్మవే!"

"పోనివ్వండి. ఆ మోత ఆగి రెండేళ్లయింది. చెబితే మళ్లీ పాడమంటారని చెప్పలేదు."

"పాడొచ్చుగా మరి!"

"దేన్ని నమ్ముకుని పాడను? లేనిది వినపడ్డ చెవి ఇది. రేపు ఇంకేం వినపడుతుందో."

"ఉన్నదే విన్నావు. ఉన్నదే విన్నావే!"

ఆమె గాభరాగా సంచీ కింద పెట్టి, అరచేత్తో ఆయన చెంపలు తుడిచింది. "అయ్యో, నా కోసం ఇంత కోత కోయాలా? ఆరోజే కోసి ఉంటే నమ్మి, పాడుకుంటూ ఉండేదాన్నేమో. ఆరోజు మాత్రం ఉన్నమాట చెప్పేశారు."

సంచీ తీసుకుని వంటింట్లోకి నడిచింది. అక్కణ్నుంచే, "ఆట ఎందుకు ఆపడం, ఆడుకోండి. నాకేం ఇబ్బంది లేదు" అంది.

"ఆపెయ్యనా మామయ్యా?" చిట్టి రెండు చెవులూ మూసుకుని అడిగింది.

కోతలాయన మోకాళ్ల మీద కూర్చుని, తెరిచిన పెట్టెలోకి తల దూర్చి, కార్డుకి వీలైనంత దగ్గరగా చెవి పెట్టాడు.

"ఇంకా కూస్తోందా?"

"కూస్తోంది మామయ్యా."

ఆయన అలాగే ఉండిపోయాడు. వంటింట్లో కత్తి చప్పుడు మాత్రం, ముక్క తర్వాత ముక్క, స్పష్టంగా వినిపిస్తోంది.