అమ్మ చెప్పని మాట

ఈ షెడ్డు మా ఆవిడ హైమ పనిచేసే ఇన్సూరెన్సు ఆఫీసే, కాకపోతే కౌంటర్ల మీద పొగాకు కట్టలు పేర్చి ఉన్నాయి, నేల మీద ఆడవాళ్ళు బారులు తీరి కూర్చుని ఆకుల ఈనెలు తీస్తున్నారు, నేను మా పాపను భుజాన వేసుకుని వాళ్ళ మధ్యలోంచి నడుస్తున్నాను, ఎవరూ తలెత్తి చూడటం లేదు. చివరి వరసలో మా అమ్మ ఉంది. పోయి ఆరేళ్ళయినా చేతి వేగం తగ్గలేదు. నా పెళ్ళికి రెండేళ్ళ ముందే పోయిన మనిషి, హైమను చూడనేలేదు, అయినా పక్కన ఒక పీట ఖాళీగా ఉంచి, "మీ ఆవిడ రాలేదేంరా?" అంటుంది.

"రేపటితో సెలవు అయిపోతుందమ్మా. పాపని డేకేర్‌లో వేసి ఉద్యోగానికి పోతానంటుంది. నేను వద్దంటున్నాను."

"ఎందుకొద్దంటన్నావు?"

నెల రోజులుగా మా ఇంట్లో ఇదే గొడవ. హైమ డేకేర్ అంటుంది, నేను మా అమ్మ అంటాను. మా అమ్మ నాకు ఐదేళ్ళొచ్చేదాకా గడప దాటలేదని, నన్ను ఒక్క పూట కూడా పరాయి చేతికి ఇవ్వలేదని, అలా పెంచబట్టే నేనింతవాణ్ణి అయ్యానని హైమకి గుక్కతిప్పుకోకుండా చెప్పాను. పోయిన మనిషి వచ్చి కాదనదు కదా అని నా ధైర్యం.

"నేనెప్పుడు చెప్పాన్రా ఆ మాట?" అంటుంది అమ్మ, ఆకు మీద నుంచి చూపు తిప్పకుండానే. "మూడో నెల్లోనే నిన్ను చంకనేసుకుని కంపెనీకొచ్చా. అటు చూడు."

గోడ ఉండాల్సిన చోట రేకుల పంచ ఉంది, దూలానికి ఎనిమిది చీర ఉయ్యాలలు వేలాడుతున్నాయి, ఎనిమిదింటి తాళ్ళూ ఒక్కటిగా ముడివేసి మస్తానమ్మ అనే ముసలావిడ లాగుతోంది, ఒక బిడ్డ ఏడిస్తే ఎనిమిది మందీ ఊగుతున్నారు. ఆవిడకి తల్లులు వంతులవారీగా తమ క్యారేజీల్లోంచి అన్నం పెట్టేవాళ్ళు. ఇదంతా నాకు కొత్త కాదు. నేను కాలేజీకి పోయే రోజుల్లో కూడా ఆవిడ వీధిలో కనపడితే "నా ఉయ్యాల్లో పిల్లోడు" అని నలుగురికీ చూపించేది, నేను తల తిప్పుకుని పోయేవాణ్ణి.

నా భుజం మీద పాప లేదు. మూడో ఉయ్యాలలో ఉంది, దగ్గరికెళ్ళి చూస్తే అది నేను, మళ్ళీ చూస్తే పాపే.

"పాలేళకి జాకెట్టు తడిసిపోయేది," అంటుంది అమ్మ మామూలుగా. "గంట కొట్టేదాకా మేస్త్రీ లేవనిచ్చేవాడు కాదు. కొంగు కప్పుకుని ఈనెలు తీసేదాన్ని. మస్తానమ్మే లేకపోతే నువ్వెక్కడ, నీ చదువెక్కడ? ఆ ముసల్దాన్ని అసలు లేకుండానే చేశావే."

"హైమ వాళ్ళ నాన్న లెక్చరరమ్మా. పెళ్ళిచూపుల్లో నువ్వు ఇంటిపట్టునే ఉండేదానివని చెప్పేశాను. తర్వాత మార్చలేకపోయాను."

"నేను పనికి పోయానని సిగ్గా?"

కాళ్ళ కింద నేల కుంగితే బాగుండును, కలే కదా, కుంగొచ్చు, కానీ కుంగటం లేదు. అమ్మ పాపను ముట్టుకోబోయి, పొగాకు జిగురుతో నల్లబడ్డ తన వేళ్ళు చూసుకుని ఆగిపోతుంది.

"మీ ఆవిడకిదంతా ఎవరు చెబుతార్రా మరి? నేనొచ్చి చెప్పలేనుగా," అంటుంది.

గంట మోగుతుంది. ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా లేచి ఉయ్యాలల వైపు పరుగెడుతున్నారు, నేను దారికి అడ్డంగా నిలబడి ఉన్నాను.

మెలకువ వచ్చేసరికి ఆదివారం మధ్యాహ్నం మూడయింది. పాప నా పక్కనే నిద్రపోతోంది. హైమ వంటింట్లో వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడుతోంది.

"రాజీనామా రాసేశానమ్మా, రేపు ఇచ్చేస్తా. ఈయన వాళ్ళమ్మగారు ఏ చదువూ లేకపోయినా బిడ్డని ఒక్క పూట వదల్లేదట. నేనామాత్రం చెయ్యలేనా?"

ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను.

"హైమా, ఫోన్ పెట్టెయ్యకు. అత్తయ్యగారిని కూడా విననీ. మా అమ్మ పొగాకు కంపెనీకి వెళ్ళేది. నాకు మూడో నెల నుంచే. నన్ను మస్తానమ్మ అని ఒకావిడ పెంచింది."

హైమ ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని నా మొహంలోకి చూసింది. అటునుంచి వాళ్ళమ్మ, "ఏంటే, అల్లుడుగారు ఏమంటున్నారు?" అని అడుగుతోంది.

మళ్ళీ చెప్పాను, ఆవిడకి కూడా వినపడేలా.